అభ్యంతరమున్నవారు చెప్పవలెను

ఫరీజ్ అబ్దుల్ అజీజ్, దోహా
జనవరి, శుక్రవారం

ప్రభువునందు ప్రియమైన అమృతక్కకు, తమ్ముడు జడ్సన్ చేతులెత్తి వందనం చేసి వ్రాయునది.

నీ ఉత్తరం ఫోన్లో అక్షరాలు ఆనక, లుసైల్‌లో మా కంపెనీ స్టోరు ప్రింటరు మీద తీసుకుని చదివాను. ఫోన్ చేసి మాట్లాడొచ్చు కదరా అంటావు. పౌలు భక్తుడు ఫోన్ చేసి ఊరుకుంటే మనకు పత్రికలు మిగిలేవా? కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతాను. ఈ కాలానికి నేను లొంగేది అంతవరకే.

ఇంతకీ నువ్వు పెట్టుకున్న ఆ పనేమిటక్కా? ముప్పై ఏళ్ళు నర్సుగా ఇంగ్లాండులో నిలువుకాళ్ళ మీద బతికావు. రిటైరయ్యాక వాక్యం చదువుకుంటూ కూర్చోక, మార్కెట్ ఆల్డర్‌బీ గుడివాళ్ళ పాత పెళ్ళిళ్ళ రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నావా? ఎప్పుడో మట్టిలో కలిసిన వాళ్ళు ఎవరిని చేసుకుంటే మనకేం? కానాలో పెళ్ళి జరిగింది. నీళ్ళు ద్రాక్షారసమైన సంగతి రాశారు గాని పెళ్ళికొడుకు పేరు ఎవరైనా రాశారా? రిజిస్టరు లేదని ఆ పెళ్ళి చెల్లకుండా పోయిందా? ఆదాముకు, హవ్వకు సాక్షి సంతకం ఎవరు పెట్టారు? దేవుడు జతచేశాక గుమాస్తా సిరా ఎందుకు?

ఈవేళ ఆరాధనలో ఇదే చెప్పాను. ఇక్కడ ఆదివారం అందరికీ డ్యూటీ, మనకు శుక్రవారమే ప్రభువు దినం. నేను పాస్టరును కాను, బైబిలు కాలేజీ గడప తొక్కలేదు, స్టోర్‌కీపర్ని. అయినా నేను నిలబడితే హాల్లో ఫోన్లు జేబుల్లోకి వెళ్ళిపోతాయి. ఇది గర్వం కాదు, కృప.

మా రాజ్ కిరణ్‌కి మీ ఊరి పక్కనే డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం వచ్చి ఏడాది కావస్తోంది. పౌలుకు తిమోతి ఎంతో నాకు వాడంత. నాలుగేళ్ళు నా కంచంలో తిన్నాడు. వాడిని నీ గుడికి పిలుచుకుని వెళ్ళు. వాడి విషయంలో ఇంకొక సంగతి ఉంది. సంతోషకరమైనదే, కాని ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను కనుక నీకూ రాయను.

నీ తమ్ముడు,
జడ్సన్


మార్కెట్ ఆల్డర్‌బీ
ఫిబ్రవరి

తమ్ముడూ,

నీ ప్రసంగం అందింది. కానా పెళ్ళికొడుకు పేరు నీకు తెలియకపోతే నష్టం లేదు. ఆ పెళ్ళికూతురుకు తెలిస్తే చాలు.

ఈ ఊరి పేరులోనే సంత ఉంది. ఇప్పటికీ మంగళవారం గుడి ముందర టెంట్లు వేసి జున్నూ, ఉన్ని మేజోళ్ళూ అమ్ముతారు. వెనకటికి ఇక్కడ ఏడాదికొకసారి పనివాళ్ళ సంత కూడా జరిగేదట. పాలేళ్ళూ పనిపిల్లలూ వరసగా నిలబడితే రైతులు వచ్చి ఏడాదికి మాట్లాడుకుని తీసుకుపోయేవారు. ఆ ఏడాదంతా యజమాని ఇంట్లోనే తిండి, పడక. పెళ్ళి మాత్రం కూడదు. అందుకని రిజిస్టర్లో చూస్తే పెళ్ళిళ్ళన్నీ అక్టోబరులోనే గుట్టగా పడతాయి. కోతలై, ఒప్పందం తీరి, చేతులు ఖాళీ అయినప్పుడు. సంతకం రాని పెళ్ళికూతుళ్ళు గీత గీశారు. కొన్ని గీతలు వణికి ఉన్నాయి, కొన్ని కాగితం చిరిగేంత గట్టిగా ఉన్నాయి. వాళ్ళతో నాకేం పని అంటావు. తెలియదురా. వదలబుద్ధి కావడం లేదు.

మా పాస్టరమ్మ పేరు హెలెన్. పాస్టరమ్మ అంటే పాస్టరుగారి భార్య కాదు, ఆవిడే పాస్టరు. నువ్వు ముక్కు విరుస్తావని తెలుసు.

ఇక నీ రాజ్ కిరణ్. నువ్వు చెప్పకముందే వాడు మా గుడికి వస్తున్నాడు, బైబిలు బాగా చదువుతాడు, నీ గొంతే వినబడుతుంది. నువ్వు దాచిన సంతోషం బయటపడింది. మా ఆర్గాన్ వాయించే ఆవిడ కూతురు జోసీతో వాడికి పెళ్ళి కుదిరింది. పరదేశం వాళ్ళకు రిజిస్ట్రారు ఆఫీసు కాగితం తప్పదు, ఆ పని అయింది. అయినా ఈ గుడి అలవాటు ప్రకారం మూడు ఆదివారాలు పేర్లు పైకి చదువుతారు. మొన్న మొదటిసారి చదివారు. అభ్యంతరమున్నవారు చెప్పవలెను అన్నప్పుడు అందరూ నవ్వుకున్నారు.

కుర్రాడు ఎలాంటివాడని హెలెన్ నన్ను అడిగింది. మా తమ్ముడి చేతుల్లో పెరిగినవాడు, పెళ్ళికానివాడు, మచ్చలేనివాడు అని చెప్పాను. చీర కట్టుకుని వెళ్ళనా, గౌను వేసుకోనా?

అక్క


దోహా
ఫిబ్రవరి

అక్కయ్యా,

ఆపు. వచ్చే ఆదివారం ఆ గుడి మధ్యలో నిలబడి ఆపు.

వాడికి పెళ్ళయింది. చేసినవాడిని నేను.

రెండేళ్ళ కిందట ఈద్ సెలవుల్లో, ఇదే గదిలో, ఇదే మంచం గోడకు నిలబెట్టి చోటు చేసి. పిల్ల పేరు ఫెబి. అమలాపురం అవతల పల్లె. మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాలో పిల్లల్ని చూస్తుంది. మన సంఘంలో ఎప్పుడూ కిటికీ పక్క కూర్చుంటుంది, పాట మాత్రం అందరికంటే ముందు ఎత్తుకుంటుంది. ఆ విల్లా డ్రైవరు నాగూర్, రాయచోటి మనిషి, ఆ ఇంటి ముసలమ్మ మందులకని బయల్దేరి ఆమెను ఇక్కడ దించాడు.

రహస్యమెందుకంటావు. రాజ్ కిరణ్ అడిగాడు. పాస్టరుగారి దగ్గరకు వెళ్తే ఊరి గుడి నుంచి ఉత్తరం తెమ్మంటారు, మూడు వారాలు ప్రకటన చదువుతారు, ఆ మాట ఎలాగో విల్లా మేడమ్ చెవిన పడుతుంది, పెళ్ళైన పిల్ల వద్దని ఫెబిని ఇంటికి విమానం ఎక్కించేస్తారు అన్నాడు. ఒప్పందం తీరాక ఊళ్ళో గుడిలో అందరి ముందు మళ్ళీ చేసుకుంటామన్నాడు. నీ రిజిస్టర్లో అక్టోబరు దాకా ఆగిన పనిపిల్లలున్నారు చూశావా, ఇక్కడ ఆగలేని పిల్ల ఒకతె ఉంది. నేను కరిగిపోయాను. వాక్యం చదివాను, చేతిలో చెయ్యి వేయించాను, ఇద్దరూ మరణం వరకు అని పలికారు. నేను విన్నాను.

గుమ్మంలో నిలబడి నాగూర్ కూడా విన్నాడు. తర్వాత బిర్యానీ తింటూ నన్ను ఆటపట్టించాడు.

"మా నికాకైతే ఖాజీ ముందర దస్తఖత్తులు పెట్టించుకుంటాడు సామీ. నువ్వు నోటిమాటతోనే ముడేస్తివే. రేపు వాడు యాడికన్నా పాయెనంటే ఎవుర్ని అడగల్ల?"

"పరలోకంలో సంతకం పడింది నాగూర్ భాయ్" అన్నాను నేను. అందరం నవ్వాం. రాజ్ కిరణే ఎక్కువ నవ్వాడు.

నా యింట అన్నం తిన్నవాడే నామీద మడమ ఎత్తాడని దావీదు ఏడ్చిన ఏడుపు ఇన్నాళ్ళూ పాడాను గాని అర్థం ఈవేళ తెలిసింది. వీసా పంపుతానని చెప్పి వెళ్ళాడు. క్రిస్మస్ నుంచి వాడు ఫోన్ చేయడం లేదని ఆ పిల్ల చెప్తే, చలిదేశం, డ్యూటీలెక్కువ, ఓర్చుకోమని నేనే సర్దిచెప్పాను. ఆమె తల్లికి మాత్రం పెళ్ళయిందని చెప్పుకుంది. వచ్చే నెలాఖరుకు ఒప్పందం తీరి ఇంటికి వెళ్తుంది. మొగుడేడని ఊరు అడుగుతుంది. పెళ్ళి చూసినవాళ్ళెవరని అడుగుతుంది.

అక్కా, లే. నోరు తెరువు.

జడ్సన్


మార్కెట్ ఆల్డర్‌బీ
ఫిబ్రవరి

జడ్సన్,

వాడు నిన్ను మోసం చేశాడు, సరే. నువ్వు నాకు ఏం చేశావో తెలుసా? సంతోషకరమైన సంగతి అని ఊరించి దాచావు. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే నేను హెలెన్ ముందు అబద్ధ సాక్ష్యం చెప్పేదాన్ని కాదు. అరవై ఏడేళ్ళు వచ్చాక నా తమ్ముడి వల్ల నా నోరు కల్తీ అయింది.

అయినా వెళ్ళాను. ఆదివారం కాదు, శుక్రవారమే, హెలెన్ ఇంటికి. ఆవిడ అంతా విని రాజ్ కిరణ్‌ని పిలిపించింది. వాడు కంగారుపడలేదు. నాకు నమస్కారం పెట్టి, నాకెదురుగానే కూర్చున్నాడు. ప్రార్థన చేశారు, నిజమే, కాని అది పెళ్ళి కాదు అన్నాడు. జడ్సన్ గారికి పెళ్ళి చేసే అధికారం లేదు, లైసెన్సు లేదు, ఏ సంఘం నియమించలేదు అన్నాడు. ఆ తర్వాత అన్న మాట నీకు ఉన్నదున్నట్టు రాస్తాను.

"ఆయన్నే అడగండి. ఆయన అబద్ధమాడరు."

వాడు పట్టుకున్నది అదిరా. నీ నిజాయితీని తాకట్టుగా పెట్టుకుని ఆ ఇంట్లో కూర్చున్నాడు.

ఈ ఊళ్ళో ఇలాంటిది కొత్త కాదు. పూర్వం ఇక్కడ ఊరూరా తిరిగే ప్రబోధకులు సత్రాల్లోనూ జైలు గదుల్లోనూ పెళ్ళిళ్ళు చేసేవారట, మాట ఉంటే చాలని. తర్వాత చట్టం వచ్చింది, గుడిలో ప్రకటన, రిజిస్టరు, సాక్షులు లేనిది పెళ్ళి కాదని. చట్టం వచ్చిన రెండేళ్ళకు ఒకామె మూడో ప్రకటన రోజున లేచి, వీడు నా భర్త అని చెప్పిందని రిజిస్టరు అంచులో రాసి ఉంది. కింద ఇంకో చేతిరాత: అభ్యంతరం వచ్చినది, రుజువు లేదు. ఆ పక్క వారమే పెళ్ళి జరిగింది. ఆమె గీత ఎక్కడా లేదు. ఏ పేజీలోనూ లేదు, నేను వెతికాను.

హెలెన్ నిన్ను రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడుగుతోంది. పెళ్ళి చేయడానికి నీకు లైసెన్సు ఉందా? ఆ పెళ్ళి ఎక్కడైనా నమోదైందా? ఈ ఆదివారం రెండోది చదివినా, జవాబు వచ్చేదాకా మూడో ప్రకటన ఆపుతానంది.

ఇక నేను రాసేది అక్కగా రాస్తున్నాను. మన జిల్లాలో లైసెన్సు ఉన్న పాస్టర్లు ఎంతమంది, ఏ పుస్తకంలో ఎవరి పేరుందో ఇక్కడివాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళరు. ఒక్క ముక్క రాస్తే ఈ పెళ్ళి ఆగుతుంది. రాయమని చెప్పడం లేదు. ఆలోచించమంటున్నాను.

అమృతమ్మ


దోహా
మార్చి

అక్కా,

నీ ఉత్తరం మోకాళ్ళ మీద చదివాను.

మన సంఘం పెద్ద అమర్నాథ్ గారికి కూడా చెప్పాను. ఆయన నీకంటే తెగువగా, పాత తేదీ వేసి సర్టిఫికేటు ఇప్పిస్తానన్నాడు. ఒక పాస్టరుగారు ఆయనకు వియ్యంకుడి వరస. వద్దనలేదు నేను. ఫెబిని అడిగి చెప్తానన్నాను.

శుక్రవారం ఆరాధన మానేసి మదీనత్ ఖలీఫా వెళ్ళాను. వెనక గేటు దగ్గర నాగూర్ కారు కడుగుతున్నాడు. లోపలికి వెళ్ళి ఆమెను పంపాడు. చేతులకు ఇంకా పిండి ఉంది. అన్నీ చెప్పాను, నీ మాటా, అమర్నాథ్ గారి మాటా. అబద్ధ సాక్ష్యం ఎంతటి పాపమో చెప్పబోయాను. ఆమె నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"ఐగుప్తులో మంత్రసానులు ఫరో ముందు అబద్ధమాడి పిల్లల్ని బతికించారని మీరే కదా చెప్పారయ్యగారూ. దేవుడు వాళ్ళకు మేలు చేశాడని చెప్పినప్పుడు గొంతు కూడా పెంచారు. ఆ మేలు నా దగ్గరకొచ్చేసరికి ఎందుకాగిపోయింది?"

నేను ఫరో వేరన్నాను. కాలం వేరన్నాను. నాకే నవ్వొచ్చేలా ఉన్నాయి ఆ జవాబులు. ఆమె నవ్వలేదు.

"అతను అబద్ధమాడి పెళ్ళి చేసుకుంటున్నాడు. మీరు నిజం చెప్పి అతనికి సాక్షి అవుతున్నారు. ఇద్దరిలో నన్ను వదిలేసిందెవరు?"

అక్కా, ముప్పై ఏళ్ళుగా వాక్యం కత్తిలా పట్టుకుని తిరిగాను. నా మెడ మీదికి వచ్చినప్పుడు పిడి ఆమె చేతిలో ఉంది. రాహాబు అబద్ధమాడింది, బతికింది. అననీయ అబద్ధమాడాడు, పడిపోయాడు. రెండూ నా పుస్తకంలోనే ఉన్నాయి.

ఆమె మళ్ళీ అడిగింది, ఈసారి నెమ్మదిగా. వాడు తిరిగి రావాలని కాదట. వాడు అక్కర్లేదట. ఊరికి వెళ్తే తనను ఏమని పిలవాలో ఎవరో ఒకరు పైకి చెప్పాలట. లోపల ఆ ఇంటి పిల్ల ఏడుస్తోందని వెళ్ళిపోయింది. నాగూర్ పైపు కట్టేసి నా పక్కకు వచ్చాడు. ఇక్కడ కాగితం లేని పెళ్ళి సంగతి బయటపడితే తిప్పలు ఆ పిల్లకే వస్తాయని, ఆమె విమానం ఎక్కే వారం దాకా నా నోరు అదుపులో పెట్టుకొమ్మని చెప్పాడు. నాకు, అక్కా. నోటితో బతికే నాకు.

ఈ ఫొటోల్లో ఆఖరిది హెలెన్ గారికి. విడిగా చదివి ఇవ్వు, లేదా చదవకుండా ఇవ్వు. అమర్నాథ్ గారికి వద్దని చెప్పేశాను.

జడ్సన్


మార్కెట్ ఆల్డర్‌బీ
మార్చి, సోమవారం

జడ్సన్,

చదివే ఇచ్చాను. నువ్వు అబద్ధం రాసి ఉంటావని ఆశపడి చదివాను, అదీ చెప్తున్నాను. "నాకు లైసెన్సు లేదు. ఎక్కడా నమోదు కాలేదు. వారు దేవుని యెదుట ప్రమాణం చేయగా నేను విన్నాను. ఆమె అతని భార్య." నాలుగు ముక్కలు. నీ జీవితంలో ఇంత చిన్న ప్రసంగం నువ్వెప్పుడూ చేయలేదు. నాకు ఒళ్ళు మండింది. ప్రింటు తీసిన కాగితం రెండు రోజులు నా దిండు కింద పెట్టుకున్నాను. ఇవ్వకుండా ఉంటే మూడో ప్రకటన అలా ఆగే ఉంటుంది కదా అనుకున్నాను. తర్వాత హెలెన్ తలుపు తట్టింది.

ఆవిడ చెడ్డది కాదు. చదివి కళ్ళు తుడుచుకుంది. జోసీని, తల్లిని కూర్చోబెట్టి ఉత్తరం చూపించింది. రిజిస్ట్రారును కూడా అడిగింది. చట్టానికి అడ్డం లేదన్నారు. జోసీ సాయంత్రం నా ఇంటికి వచ్చి, ఆమె ఫొటో ఉందా అంది. లేదన్నాను. ఆ పిల్ల మొహం తేలికపడడం నేను చూశాను. ఫొటో లేని మనిషిని మరిచిపోవడం సులువు.

నిన్న మూడోసారి చదివారు. రాజ్ కిరణ్ ముందు వరసలో, నా బట్టతల తమ్ముడు నేర్పినట్టే తల వంచి కూర్చున్నాడు. అభ్యంతరమున్నవారు అని హెలెన్ అనగానే నేను లేచాను. గుడి నిండా తెల్లజుట్లు నా వైపు తిరిగాయి.

"దోహాలో ఈయన భార్య ఉంది. పేరు ఫెబి. చట్టంలో ఆమె లేదని నాకు తెలుసు. గుడిలో ఉంది."

హెలెన్ చేతిలో పుస్తకం మూసింది. విన్నామమ్మా అంది. తర్వాత పాట నంబరు చెప్పింది. ఆర్గాన్ మొదలయ్యే ముందు ఆలస్యమైంది, వాయించేది జోసీ తల్లి కదా. రాజ్ కిరణ్ వెనక్కి తిరగలేదు. వీధి చివర కొట్టులో నాకు రోజూ రొట్టె ఇచ్చే ఆవిడ కూడా ఈవేళ చూపు తిప్పుకుంది.

శనివారం పెళ్ళి. నేను వెళ్ళను. రిజిస్టర్ల పని కూడా మానేస్తానని చెప్పాను. ఫెబితో చెప్పు, ఆమె పేరు ఇక్కడ పలికామని.

అక్క


దోహా
మార్చి, శుక్రవారం

అక్కా,

చెప్పాను. గేటు దగ్గరే. నువ్వు లేచావనీ, ఏమన్నావో ఆ మాటలే చెప్పాను. ఫెబి శ్రద్ధగా విన్నది. మీ అక్కగారికి వందనాలు చెప్పమంది. తర్వాత, "అక్కడ మా ఊరివాళ్ళెవరూ లేరు కదయ్యగారూ" అంది.

నాకు అర్థమైంది. మన సంఘంలో సగం మంది కోనసీమ వాళ్ళు. ఇక్కడ ఒక మాట పడితే ఆ సాయంత్రానికి అమలాపురం చేరుతుంది. రేపు రాత్రి ఆమె విమానం. ఇక మేడమ్ భయం, కాగితం లేదన్న భయం లేవు. అందుకే ఈవేళ.

ఈవేళ వాక్యం నాది. బైబిలు తెరవలేదు. ఫెబి, రాజ్ కిరణ్ అనే ఇద్దరి పేర్లు చదివి, రెండేళ్ళ కిందట నా ముందు భార్యాభర్తలయ్యారని చెప్పాను. చేయడానికి నాకు హక్కు లేదని చెప్పాను. వాడు రేపు ఇంగ్లాండులో ఇంకో పెళ్ళి చేసుకుంటున్నాడని చెప్పాను. నేను రాసిచ్చిన ఉత్తరం వాడికి దారి చేసిందని కూడా చెప్పాను. అభ్యంతరమున్నవారు చెప్పవలెను అని అడిగాను. అమర్నాథ్ గారు లేచి మైకు ఆపించారు. మైకు లేకపోయినా నాకు ఎప్పుడూ ఇబ్బంది లేదు, నీకు తెలుసు. కాని ఇంకేం మిగల్లేదు చెప్పడానికి.

కిటికీ పక్క నుంచి ఫెబి లేచి నిలబడింది. ప్రతి వరసలో వాళ్ళూ తిరిగి చూసేదాకా అలాగే నిలబడింది. వెనక బెంచీలో ఒకావిడ, వాళ్ళ పక్క ఊరి మనిషి, "అమ్మా, కూర్చో" అంది. అప్పుడు కూర్చుంది.

పెద్దలు సమావేశమయ్యారు. ఇకమీదట నేను వాక్యం చెప్పకూడదన్నారు. నేను చేసిన మిగతా పెళ్ళిళ్ళ పేర్లు అడిగారు. ఇంకా మూడు జంటలున్నాయి. ఇచ్చాను.

బయటికి వచ్చేసరికి నాగూర్ కారు స్టార్టు చేసి ఉంచాడు. ఫెబి నా ముందు నుంచే నడిచింది. చేతులు జోడించాను. చివరి మాటగా ఆశీర్వాదం పలకాలని నోరు తెరిచాను. ఆమె ఆగి నా వైపు చూసింది.

"వద్దయ్యగారూ. మీ నోటితో ఇంకేం వద్దు."

తలుపు వేసుకుంది. యల్లా, పోదాం అన్నాడు నాగూర్.

జడ్సన్